నాయనమ్మ కిటికీ తడవలేదు... నాదే తడిసింది

2023 డిసెంబర్ 5. మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు. నేను హైదరాబాద్‌లో ఆఫీసు క్యాంటీన్‌లో ప్లేటు పట్టుకుని నిలబడ్డాను. బందరు నుంచి అమ్మ వాట్సాప్‌లో వీడియో పంపింది. ఎనిమిది సెకన్లే.

నాయనమ్మ గదిలో తూర్పు కిటికీ అడుగు నుంచి నీళ్లు గోడ మీదుగా ధారగా కారుతున్నాయి. మంచం సగం తడిసిపోయింది. పొడిగా ఉన్న సగంలో నాయనమ్మ కూర్చుని, పాత చీర ముక్కని కిటికీ సందులో కుక్కుతోంది. వీడియో చివర్లో కెమెరా వైపు చూసి, "వాడికి పంపకే, కంగారు పడతాడు" అంటోంది.

అమ్మ పంపేసింది. నేను కంగారు పడ్డాను.

ఆ నెలంతా ఆవిడకి దగ్గు తగ్గలేదు. "హైదరాబాద్ వచ్చెయ్ నాయనమ్మా" అంటే, "మీ అపార్టుమెంట్లో నాకు ఊపిరాడదురా" అని ఒకటే మాట. సరే, నాయనమ్మ మారదు. కాబట్టి కిటికీ మార్చాలి. ఇందులో పెద్ద పనేముంది, ఒక ఆదివారం చాలనుకున్నాను.

ఏడాదిన్నర పట్టింది. అప్పటికీ ఒక తప్పు చేశాను. ఈ వారం కాలమ్ ఆ తప్పు గురించే. మీ ఊళ్లో కూడా ఒక పాత ఇల్లు, అందులో ఒక పెద్దావిడ, ఒక కారే కిటికీ ఉంటే, నేను కట్టిన ఫీజు మీరు కట్టక్కర్లేదు.

అద్దాల కిటికీ వద్దురా

మా ఇల్లు 1958లో కట్టింది. సున్నం గోడలు, ముందు డాబా, వెనక పెంకుల వసారా. మొత్తం ఏడు కిటికీలు, అన్నీ నాలుగు అడుగులకి నాలుగు అడుగులు. టేకు ఫ్రేములు, ఇనుప ఊచలు, ఒక్కో కిటికీకి నాలుగు రెక్కలు. కింది రెండూ మూసుకుని పై రెండూ తెరుచుకోవచ్చు. రోడ్డు మీద వెళ్లేవాళ్లకి మన మంచం కనపడదు, మనకి గాలి ఆగదు. చిన్నప్పుడు ఇదేదో పాతకాలం డిజైన్ అనుకునేవాణ్ణి. ఇప్పుడు చెబుతున్నా, ఏసీ లేని రోజుల్లో దాన్ని కనిపెట్టినవాడు తెలివైనవాడు.

నాన్న స్కూలు మాస్టారు. 2025లో రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో లక్ష రూపాయలు పక్కన పెట్టి, "ఈ లక్షలో ఏడు కిటికీలూ అయిపోవాలి" అన్నారు. నేను ఇన్‌స్టాలో చూసిన తెల్లటి స్లైడింగ్ కిటికీల ఫొటోలు చూపించాను. నాన్నకి నచ్చాయి. అమ్మకి బాగా నచ్చాయి.

నాయనమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుని చూసి, తిరిగిచ్చేసింది. "నా గదికి అద్దాల కిటికీ వద్దురా."

పాత మనిషి, పాత పట్టుదల అనుకున్నాను. కారణం ఆ రాత్రి నాన్న చెప్పారు.

1977 నవంబర్ 19, శనివారం. దివిసీమ ఉప్పెన. అప్పటికి నాన్నకి పద్నాలుగేళ్లు. తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది కానీ, సముద్రం ఐదు మీటర్ల ఎత్తున లేచి దివిసీమ మీద పడింది. పదివేల మందికి పైగా పోయారు. నాయనమ్మ పుట్టిల్లు కోడూరు దగ్గర. అక్కడ ఆవిడ వాళ్లు ఏడుగురు పోయారు. దాని గురించి ఆవిడ ఎప్పుడూ మాట్లాడదు. కిటికీ గురించి మాత్రం మాట్లాడుతుంది.

ఆ రాత్రి బందరులో ఇదే గదిలో తూర్పు కిటికీ గడియ విరిగింది. ఒక రెక్క ఊడి లోపలికి వచ్చి పడింది. గాలి ఇంట్లోకి దూరిన కాసేపటికే వెనక వసారా పెంకులు లేవడం మొదలైందట. "లోపల్నుంచి ఎవరో తంతున్నట్టు లేచాయి" అన్నారు నాన్న. తాతయ్య మంచం నిలబెట్టి కిటికీకి అడ్డం పెట్టి, దానికి బియ్యం బస్తాలు ఆనించాడు. తెల్లవారేదాకా నాన్న, నాయనమ్మ ఆ మంచానికి వీపు ఆనించి కూర్చున్నారు.

నీళ్లు తగ్గాక తాతయ్య చేసిన మొదటి పని, ఆ కిటికీకి కొత్త రెక్క, రెండో గడియ, అడ్డంగా ఒక చెక్క గడియ పెట్టించడం. 48 ఏళ్లుగా అది అలాగే ఉంది. నవంబర్ వస్తే నాయనమ్మ రోజూ సాయంత్రం అన్ని గడియలూ ఒకసారి లాగి చూస్తుంది. నేను దాన్ని అలవాటు అనుకునేవాణ్ణి.

గాలి బరువెంత?

నాన్న చెప్పిన "లోపల్నుంచి తన్నడం" నిజమేనా అని చదవడం మొదలుపెట్టాను. నిజమే. గాలికి ఎదురుగా ఉన్న కిటికీ పగిలితే, ఇల్లు ఊదిన బెలూన్ అవుతుంది. లోపలి గాలి కప్పుని పైకి తోస్తుంది, బయటి గాలి అదే కప్పుని పైకి లాగుతుంది. రెండూ కలిస్తే పెంకులైనా, రేకులైనా ఆగవు. అంటే మన ఏరియాలో కిటికీ వెలుతురు కోసమే కాదు. ఒక్క కిటికీ పోతే పైకప్పు పోవచ్చు.

భవనాల మీద గాలి ఒత్తిడికి మనకి ఒక జాతీయ ప్రమాణం ఉంది. ఐఎస్ 875, మూడో భాగం. అందులో మన తీరానికి లెక్కలోకి తీసుకునే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. అంటే గంటకి 180 కిలోమీటర్లు. దాన్ని ఒత్తిడిగా మార్చడం ఈజీ. సెకనుకి మీటర్లలో ఉన్న వేగాన్ని దానితోనే గుణించి, 0.6తో మళ్లీ గుణించాలి. 50 సార్లు 50, ఇంటూ 0.6, మొత్తం 1500. అంటే చదరపు మీటరుకి సుమారు 150 కిలోల బరువు.

మా నాలుగు బై నాలుగు కిటికీ దాదాపు ఒకటిన్నర చదరపు మీటర్లు. అంటే 180 కిలోమీటర్ల గాలిలో దాని మీద పడేది 225 కిలోలు. ముగ్గురు మనుషులు కిటికీ మీద వాలి తోస్తున్నట్టు. 100 కిలోమీటర్ల గాలికి ఇది 70 కిలోలు.

ఇంకో లెక్క ఉంది. నా కళ్లు తెరిపించింది అదే. గాలి ఒత్తిడి కిటికీనే కాదు, నీళ్లనీ తోస్తుంది. 100 కిలోమీటర్ల గాలి నీటిని దాదాపు నాలుగున్నర సెంటీమీటర్ల ఎత్తుకి ఎక్కించగలదు. 180 అయితే 15 సెంటీమీటర్లు. స్లైడింగ్ కిటికీ అడుగున పట్టాల గాడి చూడండి. దాని లోపలి అంచు ఎంత ఎత్తుంటుంది? రెండంగుళాలు ఉంటే గొప్ప. గట్టి తుఫాను వస్తే నీళ్లు ఆ గట్టు దాటి హాల్లోకి వస్తాయి.

ఇది చదివాక కూడా నేను తప్పు చేశాను. అదెలాగో చెబుతా.

గుడివాడ షాపులో అయస్కాంతం

గుడివాడలో ఒక షాపుకి వెళ్లాం. రెండు రేట్లు చెప్పారు. యూపీవీసీ స్లైడింగ్, మామూలు అద్దంతో చదరపు అడుగు 520 రూపాయలు. తలుపులా తెరుచుకునే రెక్కల కిటికీ, టఫెన్డ్ అద్దంతో 890. ఏడు కిటికీలు కలిపి 112 చదరపు అడుగులు. స్లైడింగ్ అయితే 58 వేల చిల్లర, రెక్కలవైతే దాదాపు లక్ష.

"తేడా ఏంటండీ?" అంటే, "అది కొంచెం హెవీ సార్" అన్నాడు కుర్రాడు. హెవీ అంటే ఏంటో మనమే అడగాలి. యూపీవీసీ అంటే గట్టి ప్లాస్టిక్. ఉప్పుగాలికి తుప్పు పట్టదు, చెద పట్టదు. మన తీరానికి ఇది పెద్ద ప్లస్. కానీ ప్లాస్టిక్ ఒక్కటే గాలి బరువు మొయ్యలేదు. అందుకే మంచి ఫ్రేములో లోపల జింకు పూత ఉన్న ఉక్కు పట్టీ పెడతారు. అది బయటికి కనపడదు. రేటు తగ్గించేవాళ్లు మొదట తీసేసేది దాన్నే.

దీనికి నాన్న చిట్కా భలే పనిచేసింది. స్కూలు ల్యాబ్ నుంచి తెచ్చుకున్న అయస్కాంతం జేబులోంచి తీసి ఫ్రేము మీద పెట్టారు. ఒక శాంపిల్‌కి లాగింది, ఇంకోదానికి లాగలేదు. కుర్రాడు నవ్వేసి, "మాస్టారు గారు కదండీ" అన్నాడు.

అప్పుడే ఆ షాపాయన ఇంకో ఆఫర్ ఇచ్చాడు. "మీ పాత కిటికీలు మాకిచ్చేయండి, బిల్లులో నాలుగు వేలు తగ్గిస్తాం." ఏడు టేకు కిటికీలకి నాలుగు వేలు! అరవై ఏళ్లు ఆరిన టేకు అది. నాన్న ఏమీ అనలేదు. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో మాత్రం, "పాత సామాను ఎవరైనా ఆత్రంగా అడిగితే, అది పాత సామాను కాదన్నమాట" అన్నారు.

దివిసీమలో చూసింది

ఆ తర్వాతి వారం నాగాయలంకలో మా పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లాను. ఐదేళ్ల కిందట వాళ్లు ఇల్లంతా అల్యూమినియం స్లైడింగ్ పెట్టించారు. "ఒకసారి తెరువు పెద్దమ్మా" అన్నాను. ఆవిడ రెండు చేతులతో లాగింది. రాలేదు. "దాన్ని తెరవడం మానేసి రెండేళ్లయింది నాన్నా" అంది.

గాడిలో తెల్లటి పొడి. ఉప్పు తిన్న అల్యూమినియం అది. చక్రాలు బిగుసుకుపోయాయి. స్క్రూలన్నీ ఎర్రగా తుప్పు. ఉప్పు తేమలో రెండు వేర్వేరు లోహాలు ఆనుకుని ఉంటే, ఒకటి రెండోదాన్ని తొందరగా తినిపించేస్తుంది. మామూలు ఇనుప స్క్రూ అల్యూమినియంలో దిగితే జరిగేది అదే. నీళ్లు బయటికి పోవాల్సిన చిన్న కన్నాలు దుమ్ముతో పూడుకుపోయాయి.

తప్పు అల్యూమినియంది కాదు. సముద్రం దగ్గర వాడేటప్పుడు పైన పూత మందంగా ఉండాలి, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి ఉండాలి. స్టెయిన్‌లెస్‌లో కూడా 304 రకం, 316 రకం అని ఉంటాయి. 316లో మాలిబ్డినం కలుస్తుంది, అది ఉప్పుకి బాగా తట్టుకుంటుంది. అయస్కాంతంతో ఈ రెండిటి మధ్య తేడా తెలీదు. బిల్లు మీద రాయించుకోవాల్సిందే.

ఇంకో సంగతి. స్లైడింగ్ కిటికీ ఎప్పుడు తెరిచినా సగమే తెరుచుకుంటుంది. మనలాంటి ఉక్కపోత ప్రాంతంలో గది నేల విస్తీర్ణంలో కనీసం ఆరో వంతు కిటికీలు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. పన్నెండు బై పది గదికి 20 చదరపు అడుగులు. రెండు నాలుగు బై నాలుగు కిటికీలుంటే కాగితం మీద 32, పాసే. కానీ అవి స్లైడింగ్ అయితే గాలి వచ్చే దారి 16 మాత్రమే. మే నెలలో కరెంట్ పోయిన రాత్రి ఆ తేడా ఒంటికి తెలుస్తుంది.

గ్లాసుడు నీళ్లు

చివరికి నాన్న, మా వీధి చివర ఉండే వడ్రంగి మేస్త్రిని పిలిచారు. అరవై దాటిన మనిషి. నేను బాబాయ్ అంటాను. ఆయన కొలతల టేపు తియ్యలేదు. "అబ్బాయ్, ఒక గ్లాసు మంచినీళ్లు తే" అన్నాడు. దాహమేమో అనుకుని ఇచ్చాను.

ఆయన బయటికెళ్లి, తూర్పు కిటికీ కింద గట్టు మీద నీళ్లు పోశాడు. నీళ్లు వీధి వైపు జారలేదు. మెల్లగా వెనక్కి, ఫ్రేము అడుక్కి వచ్చి చేరాయి.

"ఈ గ్రానైటు ఎప్పుడేశారు మాస్టారూ?"

"2012లో."

"లోపలికి వాలుగా వేశారు. పదేళ్లుగా వాన నీళ్లన్నీ దీని కాళ్ల దగ్గరే నిలబడుతున్నాయి. ఎంత టేకైనా నీళ్లలో నిలబెడితే ఏం చేస్తుంది పాపం!"

స్క్రూడ్రైవర్ తీసి ఫ్రేము అంతా గుచ్చుతూ వచ్చాడు. పైన, పక్కన మొన కూడా దిగలేదు. అడుగు చెక్కలో మాత్రం కేకులో దిగినట్టు అంగుళం దిగింది. వేలి కణుపుతో కొట్టి విన్నాడు. డొల్ల చప్పుడు ఆ కింది ఆరంగుళాల్లోనే.

అంటే వీడియోలో కారిన నీళ్లకి కారణం కిటికీ కాదు. ఇంటికి అందంగా ఉంటుందని మేం వేయించిన గ్రానైటు. అలాగే కొత్త కిటికీ పెట్టుంటే ఆ కొత్తదీ కారేది.

బాబాయ్ చెప్పిన మందు: చీకిన అడుగు భాగం కోసేసి, ఆరిన టేకు ముక్క అతకడం. గట్టు తీసి బయటికి వాలుగా మళ్లీ వేయడం. పైన సన్‌షేడ్ అడుగున అంచు దగ్గర చిన్న గాడి తీయడం, వాన నీళ్లు గోడ మీదకి పాకకుండా అక్కడే చుక్కలుగా రాలిపోవడానికి. తుప్పు పట్టిన ఊచలూ బందులూ మార్చడం. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. ఆ ఉబ్బే ఫ్రేముని పగలగొడుతుంది. ఒక్కో కిటికీకి 14 వేలు.

నా తెలివి

నాన్న నన్నే డిసైడ్ చెయ్యమన్నారు. తూర్పున రెండు, దక్షిణాన ఒకటి పాత టేకువి బాగుచేయిద్దాం అన్నాను. 42 వేలు. నాయనమ్మ గది అలాగే ఉంటుంది. మిగతా నాలుగూ బాగుచేయడానికి వీల్లేనంతగా చెద తినేసింది. పడమర రెండిటికీ 890 రేటు రెక్కల కిటికీలు. 28,480.

ఇక ఉత్తరాన హాల్లో రెండు. ఇక్కడ నా తెలివి పనిచేసింది. సముద్రం తూర్పున ఉంది, తుఫాను తూర్పు నుంచి వస్తుంది, ఉత్తరం గోడకి ఏమవుతుంది? పైగా హాల్లో స్లైడింగ్ అందంగా ఉంటుంది. 520 రేటుకి 16,640. రెక్కలవి పెట్టే ఖర్చు కంటే 11,840 మిగిల్చాను. ఆ డబ్బుతో ఇన్వర్టర్ బ్యాటరీ మార్చి, అమ్మ దగ్గర మెచ్చుకోలు కొట్టేశాను.

బాబాయ్ ఒకే మాట అన్నాడు. "గాలి అడ్రస్ అడిగి రాదబ్బాయ్."

జూన్‌లో పని అయిపోయింది.

2025 అక్టోబర్ 28

మొంథా వస్తోందని వార్తలు రాగానే వర్క్ ఫ్రం హోమ్ పెట్టి బందరు వచ్చేశాను. ఇది 1977 లాంటిది కాదు. కానీ ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు. నాయనమ్మ మధ్యాహ్నం నుంచే గడియలు లాగి చూడటం మొదలుపెట్టింది. ఫ్యామిలీ గ్రూపులో రెండు ఫార్వర్డులు వచ్చాయి. ఒకటి, అద్దాల మీద ఇంటూ గుర్తులా టేపు అంటించమని. రెండోది, గాలికి ఎదురు వైపు కాకుండా అవతలి కిటికీ కొంచెం తెరిచి ఉంచితే ఒత్తిడి సమానమవుతుందని.

రెండూ తప్పే. టేపు అద్దానికి బలం ఇవ్వదు, పగిలితే ముక్కలు పెద్దవిగా వచ్చి పడతాయంతే. కిటికీ తెరిచి ఉంచితే వానా గాలీ లోపలికి రావడం తప్ప ఒరిగేదేమీ లేదు. గాలి దిశ మారితే ఆ తెరిచిన కిటికీయే ఎదురు కిటికీ అవుతుంది.

చీకటి పడ్డాక కరెంట్ పోయింది. తుఫాను నరసాపురం వైపు తీరం దాటుతోంది. గాలి మొదలైంది. తూర్పు నుంచి కాదు. ఉత్తరం నుంచి.

మన దగ్గర తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు దిశలో సుడి తిరుగుతుంది. 1977లో అది బందరుకి నైరుతిన చీరాల దగ్గర దాటింది, అందుకే మనకి తూర్పు గాలి కొట్టింది. మొంథా బందరుకి ఈశాన్యంగా దాటింది, అందుకే ఉత్తరం గాలి. తుఫాను మనకి ఏ పక్క నుంచి వెళ్తుందో, దాన్నిబట్టి గాలి కొట్టే గోడ మారిపోతుంది. స్కూల్లో చదివిన పాఠమే. హాల్లో నీళ్లు పడేదాకా గుర్తురాలేదు.

పదింటికి స్లైడింగ్ గాడి నిండింది. ఆ తర్వాత గాలి ఒక్కో ఊపు ఊపినప్పుడల్లా బుడుక్కు బుడుక్కుమంటూ గట్టు దాటి నీళ్లు హాల్లోకి ఒలికాయి. అద్దం లోపలికి వంగి మళ్లీ వెనక్కి పోవడం టార్చ్ వెలుగులో కనిపించింది. నేనూ నాన్నా తువ్వాళ్లు, దుప్పట్లు కుక్కాం. బకెట్టు పెట్టాం. సోఫా జరిపాం. లెక్క నాకు ముందే తెలుసు. గాడి ఎత్తూ తెలుసు. అయినా 11,840 రూపాయల కోసం ఉత్తరం గోడని నమ్మాను.

పన్నెండు దాటాక నాయనమ్మ చేతికర్ర పట్టుకుని హాల్లోకి వచ్చింది. కిటికీ చూసింది, బకెట్టు చూసింది, నన్ను చూసింది.

"నీ కిటికీ ఏడుస్తోందిరా" అంది.

ఆవిడ గదిలోకి వెళ్లి చూశాను. అతికిన అడుగు చెక్క మీద, గోడ మీద, మంచం మీద అరచేయి పెట్టి చూశాను. చుక్క లేదు. తూర్పు మీద ఆ రోజు అంత గాలి లేదు నిజమే. కానీ వాన ఉంది. మిచౌంగ్ రోజు కారిన చోట ఇప్పుడు పొడిగా ఉంది. గ్లాసుడు నీళ్ల పరీక్ష పాసైంది.

తిరిగి వచ్చేసరికి నాయనమ్మ హాల్లో కుర్చీలో, నా కిటికీకి ఎదురుగా కూర్చుంది. పడుకోమంటే పడుకోలేదు. "మీరు పడుకోండి. ఇది నేను చూస్తాలే" అంది. నాన్న ఏమీ మాట్లాడకుండా ఆవిడ పక్కన కింద కూర్చున్నారు. 1977లో కూడా ఇలాగే కూర్చున్నారేమో వీళ్లిద్దరూ.

పొద్దున్న నాన్న ఒకే ప్రశ్న అడిగారు. "అన్నీ మంచివి పెడితే ఎంతయ్యేదిరా?"

"98,960."

"లక్ష లోపే కదా."

మీరు కొనేటప్పుడు

హాలు స్లైడింగులు తీసేసి, వాన కొట్టని వెనక వసారా లోపలి గోడకి మార్చాం. అక్కడ బాగానే ఉన్నాయి. హాలుకి రెక్కల కిటికీలు వచ్చాయి. బయటికి తెరుచుకునే రెక్కని గాలి ఎంత తోస్తే అంత గట్టిగా ఫ్రేముకీ రబ్బరుకీ అదుముకుంటుంది. అందుకే అది కారదు. తెరిచి ఉంచినప్పుడు మాత్రం కొక్కెం తప్పనిసరి. లేకపోతే ఒక్క గాలి ఊపుకి బందులతో సహా పోతుంది.

ఇక నా ఏడాదిన్నర కోచింగ్ మొత్తం మీకు ఫ్రీ. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ముందు కారణం వెతకండి. గట్టు మీద గ్లాసు నీళ్లు పోయండి. వెనక్కి వస్తే, కిటికీ కాదు, గట్టు మార్చాలి.

పాత టేకుని తొందరపడి ఇచ్చెయ్యకండి. స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. అడుగు మాత్రమే చీకితే అతుకు చాలు. ఫ్రేము అంతా డొల్లగా మోగితే అప్పుడు కొత్తది.

కొలతలు మూడేసి చోట్ల తీయించండి. వెడల్పు పైన, మధ్యలో, కింద. ఎత్తు కూడా అంతే. మూల నుంచి మూలకి రెండు వైపులా కొలవండి. అవి సమానంగా లేకపోతే ఆ కన్నం చతురస్రం కాదు. పాత ఇళ్లలో చాలావరకు ఉండదు. అన్నిటికంటే చిన్న కొలతకి చేయించాలి.

కొటేషన్‌లో చదరపు అడుగు రేటు ఒక్కటే చూడకండి. లోపల ఉక్కు ఉందా, దాని మందం ఎంత, అద్దం ఎన్ని మిల్లీమీటర్లు, టఫెన్డా కాదా, స్క్రూలూ బందులూ ఏ స్టీలు, దోమల మెష్ కలిపారా లేదా, ఇవన్నీ రాయించుకోండి. టఫెన్డ్ అద్దానికి మూలలో ముద్ర ఉంటుంది, బిగించేముందు చూడండి.

టఫెన్డ్ అద్దం మామూలు అద్దం కంటే నాలుగైదు రెట్లు బలం. పగిలితే చిన్న చిన్న గుళికలుగా రాలుతుంది, చేతులు కోసుకోవు. కానీ పగిలాక కిటికీ ఖాళీ. మధ్యలో పొర ఉండే లామినేటెడ్ అద్దం పగిలినా ఊడిపోదు. ఖర్చెక్కువ. అమెరికాలో 1992 ఆండ్రూ హరికేన్ తర్వాత మయామి ప్రాంతంలో కిటికీలకి ఒక పరీక్ష పెట్టారు. నాలుగు కిలోల చెక్క దుంగని గంటకి 55 కిలోమీటర్ల వేగంతో కిటికీకి కొడతారు. తట్టుకుంటేనే పాస్. మన దగ్గర ఎగిరొచ్చేది కొబ్బరి మట్టో, పక్కింటి రేకో. పరీక్ష అదే. ఖరీదైన అద్దం కుదరకపోతే, ప్రతి అద్దం కిటికీకి సరిపడా మందమైన ప్లైవుడ్ ముక్క ముందే కోయించి, బోల్టు కన్నాలు వేయించి, నంబరు రాసి అటక మీద పెట్టుకోండి. తుఫాను ముందురోజు షాపుకి పరిగెడితే దొరకదు.

బిగించే పని దగ్గర నిలబడండి. పాత సున్నం గోడలో పొట్టి స్క్రూ ఆగదు. పైన ఉన్న గార దాటి ఇటుకలోకి దిగే పొడవు కావాలి. ఫ్రేముకీ గోడకీ మధ్య కొట్టే ఫోమ్ సందు పూడుస్తుందంతే, కిటికీని పట్టుకోదు.

ఏ గోడనీ తక్కువ చెయ్యకండి. దీనికి ఫీజు నేను కట్టేశాను.

ఇంకొక్కటి. కిటికీ గాలినీ వాననీ ఆపుతుంది. ఉప్పెనని ఆపదు. 1864 నవంబర్ 1న బందరులో సుమారు 30 వేల మంది పోయింది, 1977లో దివిసీమ పోయింది సముద్రం నీళ్లకే. షెల్టర్‌కి వెళ్లమని చెబితే, మీ కిటికీ ఎంత ఖరీదైనదైనా, తాళం వేసి వెళ్లిపోండి.

పోయిన వారం బందరు వెళ్లాను. సాయంత్రం నాయనమ్మ అలవాటు ప్రకారం గడియలు లాగి చూస్తోంది. తన గది అయ్యాక హాల్లోకి వచ్చింది. కొత్త కిటికీ పిడి తిప్పింది, తోసింది, మళ్లీ తోసింది. కదల్లేదు.

"పర్లేదు" అంది.

ఇంకేమీ అనలేదు. నాకు అది చాలు.